కొండ నీడన మన కుటుంబాలు

శతవార్షిక సంచిక అనగానే దేవాలయాల కట్టడాలు, బిషప్పుల పరిచర్య, బడులు, ఆసుపత్రులు ముందుగా గుర్తుకు రావడం సహజం. వాటికి శిలాఫలకాలున్నవి, రిజిస్టర్లున్నవి, గోడలమీద పటాలున్నవి. అయితే ఏటా ఒకటి రెండు పర్యాయాలు పిల్లలను, తల్లిదండ్రులను, అవ్వలను, తాతలను వెంటబెట్టుకొని ఊరు దాటి పోయి, పగలంతా చెట్ల కింద గడిపి, పొద్దు గుంకక మునుపే ఇల్లు చేరే అలవాటొకటి నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల సంఘాలలో ఉన్నది. దానికి శిలాఫలకం లేదు. ఆ పనిని కొన్నేళ్ళపాటు నెత్తిన వేసుకొన్న మేము కొద్దిమందిమి, మాకు తెలిసినంతవరకు దాని చరిత్రను ఇక్కడ వ్రాసి పెట్టదలచినాము. పెద్ద చరిత్ర కాకపోయినా, పోగొట్టుకొంటే తిరిగి దొరకని చరిత్ర ఇది.

మన నేల

మన నేల సంగతి ముందు చెప్పవలెను. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందేరు పారే నల్లరేగడి మైదానం. ఆ ఏరు దక్షిణంగా పోయి కడప సీమలో పెన్నలో కలుస్తున్నది. 1863లో తవ్వకం మొదలైన కర్నూలు-కడప కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని తీసుకొని ఈ మైదానం గుండానే సాగుతున్నది. దానిని తవ్వించిన మద్రాసు కంపెనీవారు సేద్యానికే గాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించినారు. లాభం రాలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొనుక్కొన్నది. పడవలు పోయినవి గాని గట్టు మిగిలినది, గట్టున చెట్టు మిగిలినది. మా చిన్ననాటి విహారాలలో సగం ఆ గట్టుమీదనే జరిగినవి.

1880ల్లో నల్లమలను తొలిచి రైలుమార్గం వేసిన తరువాత గాజులపల్లె, దిగువమెట్ట స్టేషన్లు అడవికి వాకిళ్ళవలె అయినవి. బొగద అనే సొరంగం, దొరబావి వంతెన పేర్లు వినని పిల్లవాడు నంద్యాలలో ఉండేవాడు కాడు. మీటరు గేజి పోయి పెద్ద లైను వచ్చినప్పుడు ఆ పాత వంతెనను విడిచిపెట్టినారు.

ఆరుబయట కూడుకొనడం మనతో మొదలైనదా?

కాదు. కార్తిక మాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు చేయడం తెలుగువారందరికీ తెలిసిన ఆచారమే. ఆళ్ళగడ్డ ప్రాంతంలో అంతకంటె విశేషమైనది ఉన్నది. సంక్రాంతి వెళ్ళగానే అహోబిలం నుండి బయలుదేరే పార్వేట ఉత్సవం సుమారు నలభై దినాలపాటు ముప్పైకి పైగా గ్రామాలు తిరుగుతుంది. పల్లకి ఏ ఊరికి వస్తే ఆ ఊరు ఊరంతా బయటికి వస్తుంది. అడవిలో ఉండే చెంచులకు ఆ ఉత్సవంలో ప్రత్యేకమైన స్థానమున్నది. మన విశ్వాసం వేరైనా, కొండనూ పల్లెనూ కలిపి నడిపించే ఆ పద్ధతిని చూచి మన పెద్దలు నేర్చుకొన్నది లేదని మేము అనము.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో ఎస్.పి.జి. మిషన్ వారు ఆళ్ళగడ్డకు దక్షిణాన ముత్యాలపాడులో స్థిరపడినారు. తరువాత నంద్యాల కేంద్రమైనది. గుడి కట్టక ముందు చింతచెట్టే గుడి, వేపచెట్టే బడి అని మా జేజి చెప్పేది. 1876-78 సంవత్సరాల మహాక్షామం కర్నూలు జిల్లాను కోలుకోలేనంతగా దెబ్బ తీసినది. ఆ కాలంలోను, అటుపిమ్మటను అనేక పల్లెలు సంఘంలో చేరినవి. 1912లో దోర్నకల్లుకు బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు ఎద్దుల బండిలో పల్లెలు తిరిగినవారు. పాటలు, కోతల పండుగలు, జాతరలు మన ప్రజల పద్ధతిలోనే జరగాలని కోరినవారు. మన పరిపాలన తరువాత అనేక విధాల మారినది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతం దానిలో చేరలేదు. 1963లో ప్రత్యేక అధ్యక్ష మండలమైనది. 1975లో ఆ సంఘంలో కలిసినది. ఆ పెద్ద చరిత్రను ఇతరులు వ్రాస్తారు. మేము మా సద్దిమూట చరిత్రకే వస్తాము.

కొండ కొత్త కాదు, కూర్చోవడం కొత్త

ఆదివార బడి పిల్లలను బయటికి తీసుకొనిపోయే పద్ధతి సీమ నుండి వచ్చినదే. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణంలో రాబర్ట్ రెయిక్స్ పని పిల్లలకు ఆదివారం చదువు చెప్పించడం మొదలుపెట్టినాడు. ఆ బడులు పెరిగిన కొలది, ఏడాదికొక దినం పిల్లలను పొలాలకు తీసుకొనిపోయి పండ్లు, రొట్టెలు పెట్టడం వాడుకైనది. 1877లో అమెరికాలో విల్లార్డ్ పార్సన్స్ అనే పాదిరి న్యూయార్కు ఇరుకు సందులలోని పేద పిల్లలను తన పల్లె సంఘస్థుల ఇండ్లకు పిలిపించి కొన్ని దినాలు ఉంచినాడు. 1907లో బేడెన్ పవెల్ ఇరవైమంది బాలురతో బ్రౌన్‌సీ దీవిలో గుడారాలు వేయడంతో స్కౌటు ఉద్యమానికి అంకురమేర్పడినది. ఆ ఉద్యమం రెండు మూడేండ్లలోనే మన దేశానికి కూడా వచ్చినది.

అయితే అక్కడికీ ఇక్కడికీ ఒక పెద్ద భేదమున్నది. అక్కడి పేద పిల్లలకు గాలి లేదు, ఎండ లేదు, గడ్డి లేదు. మన పిల్లలకు అవి కావలసినదానికంటె ఎక్కువే ఉండెను. మన సంఘస్థులలో అధికభాగం కూలి చేసుకొని బ్రతికిన దళిత కుటుంబాలవారు. ఏడెనిమిదేండ్ల పిల్లవాడు పసుల వెంట పోయేవాడు. ఆడపిల్ల కట్టెలకు, కలుపుకు పోయేది. ఏ వాగులో ఎప్పుడు నీరుంటుందో, ఏ చెట్టు బంక అమ్ముడుపోతుందో వారికి తెలుసు. కాని ఆ చెట్టు కింద పని లేకుండా కూర్చొని, ఇంటిల్లిపాది కలిసి అన్నం తిన్న దినం వారికి లేదు. కొంతమందికి ఊరి బావి గట్టున కూర్చొనే హక్కు కూడా లేదు. కొండ మనవారికి కొత్త కాదు, కొండ దగ్గర ఊరక కూర్చోవడమే కొత్త. ఈ సంగతి గ్రహించకపోతే మన వనభోజనాల విలువ తెలియదు.

మా రోజులలో

కోతల పండుగ నాడు జొన్నలు, కోళ్ళు, గుమ్మడికాయలు వేలం వేసి ముగించిన తరువాత వచ్చే వారంలో ఆదివార బడి విహారం ఉండేది. నంద్యాలవారు మహానంది దారిలోని అరటితోటలకు పోయేవారు. అక్కడి ఊటనీరు ఎండకాలంలో సైతం తగ్గక పొలాలకు పారుతుంటుంది. ఆళ్ళగడ్డవారు అహోబిలం దారిలో కొండ మొదట దిగేవారు. మొదట ఎద్దుల బండ్లు, తరువాత ట్రాక్టరు, ఆ తరువాత బస్సు. చిత్రాన్నం, జొన్నరొట్టె, వేరుశనగ ఊరిమిండి, బొరుగులు. మధ్యాహ్నం పాటలు, చెడుగుడు, తాడు లాగుడు. శ్రమకాల దినాలలో మోదుగ పూచి కొండ ఎర్రబడుతుంది. ఈస్టరు వేకువ ఆరాధనకు బయలుదేరినప్పుడు పిల్లలు ఆ పూలు ఏరుకొని తెచ్చేవారు.

మేము చేసిన తప్పులను కూడా చెప్పడం న్యాయం. ఒక సంవత్సరం ఖర్చులు పెరిగినవని తలకింత అని చందా పెట్టినాము. ఆ దినం వచ్చిన బస్సులో ఉద్యోగస్థుల పిల్లలే ఉన్నారు. కూలి కుటుంబాలలో ఒక్కరూ రాలేదు. ఎవరూ మమ్మును తప్పు పట్టలేదు, ఊరక రాలేదు, అంతే. ఎవరికోసం ఈ పని మొదలైనదో వారినే మేము గుమ్మం బయట నిలబెట్టినామని తిరుగు ప్రయాణంలో గాని తెలియలేదు. మరుసటేడు స్త్రీల సమాజంవారు దారి చూపినారు. వండే ప్రతి పూటా పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం మన స్త్రీలకు చిరకాలపు అలవాటు. ఆ బియ్యమే విహారానికి వాడినాము. నాటినుండి చందా లేదు.

రెండవ తప్పు స్త్రీల విషయంలోనే. మగవారు, పిల్లలు ఆడుకొంటుంటే తల్లులు పొయ్యి దగ్గర పొగలో ఉండేవారు. "మాకు ఇల్లు మారింది గాని పని మారలేదయ్యగారూ" అని ఒక అక్క గురువుగారితో నవ్వుతూనే అన్నది. అప్పటినుండి వంట మానినాము. ఎవరి సద్ది వారు ముందురోజే కట్టుకొని రావాలి, బియ్యం దగ్గర లేనివారికి సంఘం బియ్యం ముందుగా చేరాలి.

మూడవది తలచుకొంటే నేటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కాలువ గట్టున భోజనాలవేళ తొమ్మిదేండ్ల పిల్లవాడొకడు చేయి కడుక్కోబోయి జారినాడు. గట్టున బట్టలుతికే అన్న ఒకడు దూకి పట్టుకొన్నాడు. ఆ అన్న అక్కడ లేకపోతే ఈ వ్యాసం వ్రాసే ధైర్యం మాకు ఉండేది కాదు. తప్పు కాలువది కాదు, పిల్లవానిది కాదు, మాదే. ఎవరు ఎవరిని చూడవలెనో మేము పంచుకోలేదు. ఆ తరువాత పదిమంది పిల్లలకు ఇద్దరు పెద్దలు, గంటకొకసారి తలల లెక్క, నీటి దగ్గర ఈత వచ్చిన ఇద్దరు భోజనం మానుకొని నిలబడటం నియమాలైనవి.

మారిన అడవి

1983లో శ్రీశైలం-నాగార్జునసాగర్ అడవి పులుల సంరక్షణ ప్రాంతమైనది. 1990లో నంద్యాల వైపున గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఏర్పడినది. అడవిలోనికి ఇష్టం వచ్చినట్లు పోవడం నిలిచిపోయినది. కొందరు పెద్దలు దీనికి నొచ్చుకొన్నారు గాని, మేము ఇది మంచికే జరిగినదంటాము. పులి ఉన్న అడవికి అనుమతి అడిగి పోవడం మర్యాద. 2024లో పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక తల్లి ప్రాణం కోల్పోయిన సంగతి మనకందరికీ తెలిసినదే. కట్టెలకు పోక తప్పని స్త్రీలకు ఆ భయం విహారానికి పోయేవారి భయంకంటె పెద్దదని మన పిల్లలకు చెప్పడం కూడా ఈ విహారంలో ఒక పాఠమే.

దూరం పోలేనివారికి దగ్గర చోట్లున్నవి. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పరిశీలించినాడు. మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న ఆ గుహలలో కొంతభాగం 2002 నుండి అందరికీ తెరచి ఉన్నది. నందికొట్కూరు వైపున రోళ్ళపాడు గడ్డిమైదానాన్ని బట్టమేక పక్షికోసం 1988లో అభయారణ్యం చేసినారు. ఆ పక్షి ఈనాడు కనబడటమే గగనమైనది. లేని పక్షికోసం పిల్లలను అక్కడికి తీసుకొనిపోవడమెందుకని కొందరు అడిగినారు. పోయినదానిని గూర్చి పిల్లలకు తెలియకపోతే ఉన్నదానిని ఎవరు కాపాడుతారని మా జవాబు.

ఇప్పుడు ఎందుకు?

రెండు తరాలలో మన కుటుంబాలు చదువుకొని పట్టణం చేరినవి. ఇది దేవుని కృప, మన తల్లిదండ్రుల చెమట. అయితే పసులు కాచిన తాత మనుమడు ఈనాడు గదిలో ఫోను పట్టుకొని కూర్చున్నాడు. బయట గడిపే సమయం ఎక్కువగా ఉన్న పిల్లలలో హ్రస్వదృష్టి తక్కువగా ఉన్నదని 2008లో సిడ్నీ పట్టణపు పిల్లలమీద జరిగిన పరిశోధన తెలిపినది. తైవాన్ దేశంలో 2010 నుండి బడిపిల్లలను రోజుకు రెండు గంటలు బయట ఉంచే పథకం నడిపినారు. కళ్ళజోడు సంగతి అట్లుంచి, మాకు ఇంకొక భయమున్నది.

ఇటీవలి విహారంలో పిల్లలకు చెట్ల పేర్లు వ్రాయమని కాగితాలిచ్చినాము. మామిడి, వేప, కొబ్బరి దాటి పోయినవారు తక్కువ. అప్పుడు చిన్నప్పుడు మేకలు కాచిన ఒక అవ్వ లేచి కర్ర ఊతంతో ముందు నడిచినది. రేల, బలుసు, తునికి, చండ్ర, నల్లమద్ది, పరికి. ఏది దగ్గుకు, ఏది మేకలకు, ఏది ముట్టుకోరాదో చెప్పుకొంటూ పోతే పిల్లలందరూ ఆమె వెనుకనే. ఆమెకు అక్షరం రాదు. తన జీవితంలో ఆ విద్యను ఆమె విద్య అనుకోలేదు, పేదరికమనుకొన్నది. ఆనాడు పట్టభద్రుడైన ఆమె మనుమడు కాగితం తీసి ఆమె చెప్పినవి వ్రాసుకొన్నాడు. ఆ కాగితం చూచినప్పుడు మా శ్రమ ఫలించినదనుకొన్నాము.

కాబట్టి సంఘపెద్దలకు మా మనవి ఇది. ప్రతి పాస్టరేటులోను ఏడాదికి రెండు దినాలు ఈ పనికి కేటాయించండి. మన ఎండలు తెలిసినవే, కాబట్టి కార్తికం నుండి మాఘం లోపల, పొద్దు పొడవకముందే బయలుదేరండి. చందా పెట్టకండి. తల్లులను పొయ్యి దగ్గర కూర్చోబెట్టకండి. అడవిశాఖవారి అనుమతి ముందుగా తీసుకోండి. తలలు లెక్కపెట్టండి. ఊరిలో పసులు కాచిన ముసలివారు ఎవరున్నారో వెదకి, వారిని బండిలో ముందు సీటున కూర్చోబెట్టండి.

ఒక నోటు పుస్తకం కూడా కొనండి. ఎక్కడికి పోయినారు, ఎందరు వచ్చినారు, ఏ చెట్టు పూచి ఉన్నది, అవ్వ ఏమి చెప్పినది అందులో వ్రాయండి. మేము వ్రాసి పెట్టలేదు, అందుకే ఈ వ్యాసంలో ఎన్నో సంవత్సరాలు ఖాళీగా ఉండిపోయినవి. రాబోయే శతవార్షిక సంచికలో ఈ విషయం వ్రాసేవారికి ఆ కొరత ఉండకూడదని మా ప్రార్థన.