భైంసా ఎత్తులు దిద్దినవాళ్లు

సర్వే ఆఫ్ ఇండియా పాత లెక్కలో మా భైంసా పటం నంబరు 56 ఇ/16. ఈ నంబరులో ఒక తిరకాసు ఉంది. 78 డిగ్రీల రేఖాంశం, 19 డిగ్రీల అక్షాంశం కలిసే చోటు మా ఊరికి ఆగ్నేయంగా సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలో, పత్తి చేల మధ్య ఎక్కడో పడుతుంది. దాంతో భైంసా 56 ఇలోకి, ముధోల్ 56 ఎఫ్‌లోకి, నిర్మల్ 56 ఐలోకి, నిజామాబాద్ 56 జెలోకి పోయాయి. మా వాగు ఎక్కడ పుట్టి ఎక్కడ గోదావరిలో కలుస్తుందో చూడాలంటే వేర్వేరు షీట్లు అంచులు కత్తిరించి అతికించుకోవాల్సిందే. అంతరిక్షం నుంచి కొలిచిన ఎత్తుల ఫైళ్లు వచ్చాకా మా గతి మారలేదు. అవి కూడా డిగ్రీకి ఒక టైల్ చొప్పున వస్తాయి. భైంసా ఉన్న టైల్ పేరు ఎన్19ఇ077. ఒకటి తెరిస్తే పక్కవి కూడా తెరవాలి.

ఆ టైళ్లలోని అంకెలు చూడటం, తప్పున్నచోట దిద్దటం నా వృత్తి. చిన్న పనే అనిపిస్తుంది కానీ, మా నేల ఎత్తును కొలిచినవాళ్లకూ, ఆ కొలతను దిద్దినవాళ్లకూ రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర త్రికోణాల సర్వే మొదలుపెట్టి, 78వ రేఖాంశాన్ని ఆనుకుని ఉత్తరానికి నడిపించాడు. నైజాం ఇలాకాలోకి వచ్చి 1815లో బీదర్ దగ్గర ఆధారరేఖను గొలుసులతో కొలిచాడు. ఆయన కింద చేరిన జార్జ్ ఎవరెస్ట్ 1819లో కృష్ణా, గోదావరి మధ్య అడవుల్లో జ్వరంతో పడిపోయి, కోలుకోవడానికి ఆఫ్రికా కొసన ఉన్న కేప్ దాకా పోయి వచ్చాడు. లాంబ్టన్ 1823 జనవరి 20న హైదరాబాద్ నుంచి నాగపూర్ పోతూ హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఇప్పుడు నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పోయే జాతీయ రహదారి మీదే ఉంది ఆ ఊరు. వాళ్ల బృందంలోని డాక్టర్ వాయిసీ రాళ్లను పరిశీలిస్తూ తిరిగి, మా పక్క జిల్లాలోని కోనసముద్రంలో ఉక్కు ఎట్లా తయారుచేసేవారో రాసిపెట్టాడు.

ఎవరెస్ట్ 1830లో అచ్చువేసిన పుస్తకం పేరులోనే కొలత ఉంది: 18 డిగ్రీల 3 నిమిషాల నుంచి 24 డిగ్రీల 7 నిమిషాల వరకు సాగిన చాపం. దాని దక్షిణపు కొస బీదర్ దగ్గరి దామర్‌గిద్ద. మా భైంసా అక్షాంశం 19 డిగ్రీల 6 నిమిషాలు. అంటే భూమి ఆకారాన్ని లెక్కగట్టిన ఆ గీత మాకు కొంచెం పడమరగా, మా ముంగిట్లోంచే పోయింది.

నాకు ఆ పెద్దమనుషుల దగ్గర నచ్చింది వాళ్ల సాహసం కన్నా వాళ్ల పుస్తకాలు. త్రికోణంలో మూడు కోణాలు కొలిస్తే మొత్తం ఎప్పుడూ సరిగ్గా రాదు. కొన్ని సెకన్లు ఎక్కువో తక్కువో వస్తాయి. ఆ తేడాను మూడు కోణాలకూ పంచి సర్దుతారు. ఇది దిద్దుబాటే. అయితే థియోడలైట్‌లో చూసిన కోణం ఒక వరుసలో, సర్దిన కోణం ఇంకో వరుసలో రాసేవారు. ఎంత సర్దారో వందేళ్ల తర్వాత తెరిచినవాడికి కూడా కనబడుతుంది.

1858లో మొదలై 1909లో సర్దుబాటు పూర్తయిన లెవలింగ్ పని కూడా అంతే. విశాఖపట్నంతో కలిపి తొమ్మిది రేవుల్లో సముద్రమట్టం కొలిచి, అక్కడి నుంచి దేశం లోపలికి ఎత్తులు మోసుకొచ్చారు. రాతి మీద చెక్కిన బెంచ్‌మార్క్‌లు దాని గుర్తులు. మరోవైపు నైజాం బందోబస్తు నాటి గ్రామ నక్షలున్నాయి. సర్వే నంబరు, గట్టు, శివారు, బాట అన్నీ ఉంటాయి కానీ ఎత్తు అన్నది ఉండదు. 1954–55 ఖాస్రా పహాణీలో పట్టాదారు ఎవరో తెలుస్తుంది, అతని చేనులోంచి నీళ్లు ఎటు పోతాయో తెలియదు. ఎత్తు కోసం టోపోషీటే దిక్కు. అందులో కాంటూర్ గీతలు 20 మీటర్లకు ఒకటి. రేగడి నేలలున్న మా చదునులో ఇల్లు మునగడానికీ మునగకపోవడానికీ తేడా ఒకటి రెండు మీటర్లే. 20 మీటర్ల గీత మాకు ఏం చెబుతుంది?

ఇక పిక్సెళ్ల కాలం. షాద్‌నగర్‌లో 1979 నుంచి ల్యాండ్‌శాట్ బొమ్మలు అందుకోవడం మొదలైంది. 1988 మార్చిలో మన సొంత ఐఆర్ఎస్-1ఎ పైకి పోయింది. తెరమీద బొమ్మ అనుకునేది నిజానికి అంకెల పట్టిక. ఒక్కో గడిలో సున్నా నుంచి 255 దాకా ఒక అంకె. పరారుణ బ్యాండ్‌లో నీళ్లున్న గడి అంకె చిన్నది, పచ్చగా ఉన్న పత్తి చేను అంకె పెద్దది. అప్పట్లో వరుస మొత్తం పాడై వస్తే పైవరుస, కిందివరుసల సగటు తీసి నింపేవారు. 2003 మే 31న ల్యాండ్‌శాట్-7లో స్కాన్ గీతలను సరిచేసే పరికరం ఆగిపోయాక ప్రతి బొమ్మలో దాదాపు 22 శాతం ఖాళీ గీతలే. పక్క గడుల నుంచో, వేరే తేదీ బొమ్మ నుంచో తెచ్చి వాటిని పూడ్చడం చిరిగిన గొంగడికి మాసిక వేయడం లాంటిది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంటుంది కానీ ఆ దారం ఆ గొంగడిది కాదు.

ఎత్తుల విషయంలో అసలు మలుపు 2000 ఫిబ్రవరి 11న వచ్చింది. ఎండీవర్ షటిల్ 60 మీటర్ల మాస్ట్‌కు రెండో యాంటెన్నా తగిలించుకుని, పదకొండు రోజుల్లో భూమిలో 80 శాతం నేలను రాడార్‌తో కొలిచింది. ఎస్ఆర్‌టీఎం అంటే అదే. మొదట 90 మీటర్ల గడులుగా, 2014–15 నాటికి 30 మీటర్ల గడులుగా అందరికీ ఉచితంగా అందింది. 30 మీటర్ల టైల్‌లో అడ్డం 3601, నిలువు 3601 గడులు. అంటే దాదాపు కోటీ ముప్పై లక్షల ఎత్తులు. రాడార్‌కు జవాబు రాని చోట మైనస్ 32768 అని ఉంటుంది. అది ఎత్తు కాదు, ‘ఇక్కడ కొలత లేదు’ అనే గుర్తు. అది గుర్తు మాత్రమేనని సాఫ్ట్‌వేర్‌కు చెప్పకుండా సగటు తీస్తే గుట్ట పక్కన పాతాళం తెరుచుకుంటుంది.

ఈ ముడి సరుకును అమెరికా సంస్థలే దిద్దాయి. 600 మీటర్ల పొడవు మించిన చెరువులు, జలాశయాలన్నిటినీ చదును చేశారు. పెద్ద నదులు దిగువకు మెట్టుమెట్టుగా దిగేట్టు సరిచేశారు. అందుకే బాసర కింద పోచంపాడు జలాశయం తెరమీద ఒకే అంకెతో అద్దంలా కనబడుతుంది. 1091 అడుగుల పూర్తి మట్టంతో నిండే ఆ నీటి కింద మునిగిన ఊళ్ల నేల ఆ ఫైల్‌లో లేదు. రాడార్ నీటిలోకి దిగదు. దాన్ని పట్టుకుని జలాశయంలో ఎంత నీరు పడుతుందో లెక్కగడతామంటే కుదరదు.

ఇదే కాలానికి హైదరాబాద్‌లో ఈ పని ఒక కొలువుగా మారింది. 1991లో మొదలైన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, ఇప్పటి సైయెంట్, పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనితోనే ఎదిగింది. దాని దారిలో ఎన్నో కంపెనీలు వచ్చాయి. మాలాంటి చిన్న ఊళ్ల నుంచి డిగ్రీ చేసినవాళ్లం వందలాదిగా పోయి చేరాం. నేను చేరిన కంపెనీలో రాత్రి షిఫ్టు. కళ్లకు త్రీడీ అద్దాలు, చేతిలో మౌస్, తెరమీద ఎప్పుడూ చూడని అమెరికా కౌంటీ. ఇంటి కప్పును నేల అనుకుని యంత్రం ఇచ్చిన ఎత్తును దించాలి, వంతెనను తీసేయాలి, నది ఒడ్డున బ్రేక్‌లైన్ అనే హద్దుగీత గీయాలి. ఒంటరిగా లేచి నిలబడ్డ గడి స్పైక్, గుంటలో పడ్డది పిట్. రెండూ కొట్టేయాల్సిందే. తెల్లారేసరికి ఇన్ని టైళ్లని టార్గెట్. ఆ తర్వాత నాణ్యత తనిఖీ చేసే క్యూసీ వాళ్లు చూస్తారు. ఎన్ని గడులు మార్చామని ఎవరూ అడగరు. నునుపుగా ఉందా లేదా అన్నదే ప్రశ్న.

అమెరికా నేల దిద్దుతున్న మాకు సొంతూరి నేల చూసుకునే వీలు చాలాకాలం తక్కువే. 2005 మే 5న కార్టోశాట్-1 పైకి పోయింది. ఒక కెమెరా ముందుకు, ఒకటి వెనక్కి వంగి, ఒకే చోటును రెండు కోణాల నుంచి తీసి ఎత్తు రాబట్టే ఏర్పాటు అందులో ఉంది. 2009లో వచ్చిన భువన్ పోర్టల్‌లో దాని 30 మీటర్ల ఎత్తులు మాకూ దొరికాయి. 2021 ఫిబ్రవరి 15 నాటి కేంద్ర మార్గదర్శకాలతో పటాల మీది పాత ఆంక్షలు చాలావరకు సడలాయి. ఇప్పుడు భైంసాలో ఇంట్లో కూర్చుని క్యూజిస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో టైల్ తెరిచి గడి మార్చవచ్చు. అడిగేవాడు లేడు. భయం కూడా అక్కడే.

నీళ్లు ఎటు పారతాయో లెక్కగట్టాలంటే సాఫ్ట్‌వేర్‌కు గుంటలు ఉండకూడదు. 1988లో జెన్సన్, డొమింగ్ రాసిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. చుట్టూ ఎత్తుగా ఉన్న గడిని గుంటగా పట్టి, నీళ్లు పొర్లిపోయేంత వరకు నింపుతుంది. పనికొచ్చే పద్ధతే. కానీ తెలంగాణలో గుంట అంటే తప్పు కాదు, కుంట. కట్ట కట్టి, తూము పెట్టి, మత్తడి దించి మన పెద్దలు తవ్వుకున్నది. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో బాగుచేయాల్సిన చెరువులు, కుంటలు 46 వేలకు పైగా తేలాయి. ‘ఫిల్ సింక్స్’ అని ఒక్క బటన్ నొక్కితే వాటిలో ఎన్ని పూడిపోతాయో ఆలోచించండి. నాలుగైదు మీటర్ల వెడల్పున్న కట్ట 30 మీటర్ల గడిలో ఎట్లాగూ ఆనదు. ఒక ఆఫీసులో నేను చూసిన వరద పటంలో ఓ ఊరి కుంట అట్లాగే మాయమైంది. నివేదికలో దాని మాటే లేదు.

దిద్దక తప్పని చోట్లూ ఉన్నాయి. మా శివారులో ఒక రోడ్డు కట్ట ఒర్రెకు అడ్డంగా పోతుంది. తెరమీద కట్ట గడిలో 351, ఎగువన 347, దిగువన 346. లెక్క ప్రకారం ఒర్రె అక్కడ ఆగి చెరువు కట్టాలి. నేను ఆ చెరువును ఎర్రగా గీసి మా పెద్దబాపుకు చూపిస్తే ఆయన నవ్వాడు. “ఇక్కడ నీళ్లెందుకు ఆగుతయ్ బిడ్డా? రోడ్డు కింద మోరీ లేదా? దాని కిందికెళ్లి పోతయ్.” పోయి చూస్తే కంపచెట్ల వెనక రెండు పైపుల మోరీ ఉంది. క్యూజిస్‌లో సెర్వల్ అనే ప్లగిన్ ఉంది. గడి మీద నొక్కితే అంకె చూపిస్తుంది, కొత్త అంకె రాయనిస్తుంది. అసలు ఫైల్‌కు నకలు తీసి, 351 తీసేసి 346.5 రాశాను. నీటి దారి మోరీ గుండా పోయింది. మార్చింది ఒక్క గడే, కానీ దాని కింద ఎన్నో ఎకరాల లెక్క మారింది. పెద్దబాపు మాట, మోరీ ఫొటో, తేదీ పక్కన ఇంకో ఫైల్‌లో రాసి పెట్టుకున్నాను.

భైంసాకు ఇది ఊసుపోక మాట కాదు. ఊరి పక్కనే గడ్డెన్న వాగు ప్రాజెక్టు, పూర్తి మట్టం 358.70 మీటర్లు. మట్టాన్ని సెంటీమీటర్లలో చదివి గేట్లు ఎత్తుతారు. 2021 జూలై వానలకు లోతట్టు కాలనీలు మునిగాయి. ఎస్ఆర్‌టీఎంకు పెట్టుకున్న ప్రమాణమేమో ఎత్తులో 16 మీటర్ల లోపు తేడా. పైగా దాని సముద్రమట్టం వేరు, మన బెంచ్‌మార్క్‌ల సముద్రమట్టం వేరు. కలిపి చూడాలంటే సర్దాలి, దిద్దాలి. అంటే వరద పటంలో ఏ వీధి నీలిరంగు పడుతుందన్నది కొంత కొలత, కొంత ఎవరో దిద్దిన అంకె. ఎవరు, ఎక్కడ, ఎందుకు దిద్దారో తెలియకపోతే ఆ రంగును నమ్మడమెట్లా?

దారి లేకపోలేదు. యూరప్‌వాళ్లు ఉచితంగా ఇస్తున్న కోపర్నికస్ ఎత్తుల ఫైల్‌తో పాటు ఎడిటింగ్ మాస్క్ అని ఇంకో ఫైల్ వస్తుంది. ఏ గడి కొలిచినది, ఏ గడి దిద్దినది అందులో కనబడుతుంది. లాంబ్టన్, ఎవరెస్ట్ రెండు వరుసల్లో రాసిందీ అదే. మన నీటిపారుదల శాఖ అయినా, మున్సిపాలిటీ అయినా, వరద పటానికి టెండర్ పిలిచేటప్పుడు మూడు ఫైళ్లు అడగాలి: ముట్టుకోని అసలు ఫైల్, దిద్దిన ఫైల్, ఎక్కడెక్కడ ఎందుకు దిద్దారో చూపే ఫైల్. మూడోది ఇవ్వలేనివాళ్లకు బిల్లు ఇవ్వకూడదు.