రంగం నుంచి వచ్చిన పెద్దాయన

2016 నవంబర్ 8 రాత్రి. పెద్దనోట్లు చెల్లవని టీవీలో చెప్పగానే, నారాయణగూడలో మా కింది వాటాలో ఉండే పెద్దాయన మెట్లెక్కి పైకొచ్చేసారు. చేతులు వణుకుతున్నాయి. "బాబూ, ఉన్నవన్నీ పోయినట్టేనా?" అన్నారు. "బ్యాంకులో మార్చుకోవచ్చు లెండి" అని నవ్వేసా. బ్యాంకులు తెరిచిన రోజు తెల్లారకముందే వెళ్ళి క్యూలో మొదట నిలబడ్డారు. చేతిలో ఉన్నవి నాలుగే నోట్లు! చాదస్తం అనుకున్నా.

ఆయన పుట్టింది రంగూన్‌లో అని తర్వాత తెలిసింది.

మనవాళ్ళు ఆ ఊరిని 'రంగం' అనేవారు. కోరంగి రేవులో ఓడలెక్కి వెళ్ళిన తెలుగు కూలీలకి అక్కడ 'కోరంగీలు' అని పేరు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1942లో జపాన్ దాడి చేస్తే లక్షలమంది కొండలూ అడవులూ పడి నడిచొచ్చారు. దారిలోనే వేలమంది పోయారు. యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చింది. 1964 మార్చిలో దుకాణాలు జాతీయం చేసారు, మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు రద్దు చేసారు.

ఆ నోట్లలోనే వాళ్ళ నాన్న కష్టార్జితం అంతా ఉందట. ఓడెక్కి విశాఖ వచ్చి, కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో పడ్డారు. అప్పుడు ఈయనకి పదేళ్ళు. "ఆ తర్వాత నాన్న ఎప్పుడూ డబ్బు దాచలేదు బాబూ. కూలి వచ్చిన రోజే బియ్యం కొనేసేవాడు" అన్నారు. ఆ క్యాంపు ఎప్పుడో పేట అయిపోయింది, పేరు మాత్రం ఇంకా బర్మా క్యాంపే.

పీటీఎస్‌డీ అన్న మాట అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది 1980లో. వీళ్ళు ఓడ దిగిన నాటికి ఆ బాధకి ఆ పేరు లేదు. క్యాంపులో బియ్యానికి లెక్క ఉంది, మనుషులకి లెక్క ఉంది, భయానికి లెక్క లేదు. ఉద్యోగం పోతే హెచ్‌1బీ వాళ్ళకి 60 రోజుల గడువుంటుంది. చేతిలో చదువూ, వెనక ఓ ఊరూ ఉన్నా ఆ 60 రోజులూ మనకి నిద్ర పట్టదు కదా!

అన్నట్టు, మన బాలాపూర్ గుడిసెల్లో ఉన్న రోహింగ్యాలు వచ్చిందీ ఆ బర్మా నుంచే. వాళ్ళు ఉండాలా, పోవాలా అన్న వాదన ఇప్పుడొద్దు. అక్కడా పదేళ్ళ పిల్లలున్నారు. ఇంకో యాభై ఏళ్ళకి వాళ్ళు ఏ వార్త విని వణుకుతారో...

పెద్దాయనకి ఆ రోజు నవ్వినందుకు సారీ చెప్పా. "నువ్వు నవ్వావా? నేను చూడలేదు బాబూ" అన్నారు.