పడినవాడి దగ్గరికి ఎవరు వస్తారు?

చరిత్ర అంటే రాజులూ యుద్ధాలే కాదు, ఏదైనా ఒక వస్తువు చరిత్ర రాసుకు రండి అని మా సోషల్ సార్ చెప్పారు. మా క్లాసులో ఒకమ్మాయి తిరగలి మీద రాసింది, ఇంకొకడు తాళం చెవి మీద. నేను హెల్మెట్ తీసుకున్నాను. మా హోసూరులో బైకులు తయారవుతాయి. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడి ఫ్యాక్టరీ నుంచే బయటికొచ్చింది. బండి గురించి ఇక్కడ చిన్న పిల్లోడు కూడా గంటసేపు మాట్లాడతాడు. తలకు పెట్టుకునేదాని గురించి అడిగితే మాత్రం "పోలీసులు పట్టుకుంటారు కదా" అంటారు, అంతే.

ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ అనే రేసు ట్రాక్ ఉండేది. అక్కడ ఎరిక్ గార్డ్‌నర్ అని ఒక డాక్టరు ఉండేవారు. సుమారు రెండు వారాలకొకసారి తల పగిలిన మోటారు సైకిల్ రైడర్ ఎవరో ఒకరు ఆయన దగ్గరికి వచ్చేవాళ్లంట. కట్టు కట్టి పంపించేస్తే ఆయన పని అయిపోయేది. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. కాన్వాసు గుడ్డను లక్కతో గట్టిపరిచి ఒక టోపీ చేయించారు. (ఆ రోజుల్లో లక్క ఎక్కువగా మన దేశం నుంచే ఎగుమతి అయ్యేది. కాబట్టి మొదటి హెల్మెట్‌లో మన చెట్ల లక్క కూడా ఉండొచ్చని నా ఊహ.) దాన్ని రేసు అధికారుల దగ్గరికి తీసుకుపోతే మొదట వద్దన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగిన టీటీ రేసులో రైడర్లందరికీ హెల్మెట్ తప్పనిసరి చేశారు. ఆ దీవిలోని డాక్టరు రేసు అయ్యాక గార్డ్‌నర్‌కు సరదాగా ఒక మాట పంపించారంట. ప్రతి ఏడూ రేసు తర్వాత తల దెబ్బల కేసులు కొన్ని వచ్చేవి, ఈసారి ఒక్కటీ రాలేదని దాని సారాంశం.

ఇది చదివి, ఇంక అందరూ పెట్టుకునే ఉంటారులే అనుకున్నాను. అలా జరగలేదు. ఆ ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రేసుల్లో పెట్టుకున్నారు కానీ రోడ్డు మీద ఎవరూ పెట్టుకోలేదు. 21 ఏళ్ల తర్వాత ఒక పేరున్న మనిషి చనిపోయాక గానీ ఈ మాట మళ్లీ పైకి రాలేదు.

ఆ మనిషి టి.ఇ. లారెన్స్. 'లారెన్స్ ఆఫ్ అరేబియా' అంటే సినిమా చూసిన పెద్దవాళ్లకు తెలుస్తుంది. ఆయనకు బ్రఫ్ సుపీరియర్ బైకులంటే ప్రాణం. 1935 మే 13న తన ఇంటికి దగ్గర్లోనే, సైకిళ్ల మీద పోతున్న ఇద్దరు అబ్బాయిలను తప్పించబోయి పడిపోయాడు. తలకు ఏమీ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మే 19న చనిపోయాడు. వయసు 46. చూడడానికి వచ్చిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ ఉన్నారు. ఆస్ట్రేలియాలో పుట్టి ఇంగ్లండులో మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు. లారెన్స్‌ను ఆయన బతికించలేకపోయారు. కానీ తర్వాతి ఏళ్లలో తల దెబ్బలతో వచ్చిన రైడర్లనంతా లెక్క పెట్టడం మొదలుపెట్టారు.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఈ లెక్క పెట్టడమే. రెండో ప్రపంచ యుద్ధంలో దీపాలు ఆర్పేసిన రోడ్ల మీద ఎంతో మంది చనిపోయేవాళ్లు. 1941లో కెయిర్న్స్ ఒక వైద్య పత్రికలో రాశారు: యుద్ధం మొదలైన 21 నెలల్లో మోటారు సైకిళ్ల మీద పోతూ 2279 మంది చనిపోయారు, ఎక్కువగా తల దెబ్బలతో. హెల్మెట్ ఉండి దెబ్బ తగిలినవాళ్లు తనకు ఏడుగురే కనబడ్డారు, ఆ ఏడుగురూ బతికారు. ఏడుగురంటే చిన్న లెక్కే అని ఆయనకూ తెలుసు, అయినా రాశారు. అదే ఏడు నవంబరులో బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిల్ వార్తాహరులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి బ్రిటన్‌లో చట్టం వచ్చింది 1973లో. గార్డ్‌నర్ టోపీ నుంచి లెక్కేస్తే 59 ఏళ్లు. మనకు 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఉంది, కానీ తమిళనాడులో గట్టిగా అమలు మొదలైంది హైకోర్టు చెప్పాక, 2015 జూలై 1 నుంచి. అప్పటి దాకా మా వీధిలో హెల్మెట్ బండి అద్దానికి తగిలించుకునే వస్తువు.

ఇప్పుడు మోటోక్రాస్ సంగతికి వస్తాను. దీని మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం మా పెద్దమ్మ కొడుకు. స్పేర్ పార్టుల కంపెనీలో పని చేస్తూ, ఆదివారాలు మట్టి ట్రాక్ మీద బైకు తోలతాడు. పోయిన ఏడాది నుంచి పోటీలకు కూడా పోతున్నాడు. ఇంట్లో రోజూ గొడవే. పెద్దమ్మ ఖర్చు గురించి అడగదు, గెలుపు గురించి అడగదు. "పడితే నీ దగ్గరికి ఎవరొస్తార్రా?" అని మాత్రం అడుగుతుంది. అన్న ఏదో చెప్పి తప్పించుకుంటాడు. ఆ ప్రశ్నకు జవాబు నేను చరిత్రలో వెతికాను.

ఈ ఆట కూడా ఇంగ్లండులోనే పుట్టింది. 1924 మార్చి 29న కాంబర్లీ అనే చోట గుట్టలూ బురదా ఉన్న దారిలో పెట్టిన పోటీని మొదటిదిగా చెప్తారు. అప్పుడు దీన్ని స్క్రాంబుల్ అనేవాళ్లు, మోటోక్రాస్ అనే పేరు తర్వాత వచ్చింది. ప్రపంచ చాంపియన్‌షిప్ 1957 నుంచి ఉంది. బైకులకు సస్పెన్షన్ బాగుపడేకొద్దీ దూకుళ్లు పెద్దవయ్యాయి. ప్రమాదం అక్కడే ఉంది. మట్టి దిబ్బ మీద నుంచి గాల్లోకి లేచినవాడు అవతల పడితే, వెనక వచ్చేవాడికి కనబడడు. కనబడేసరికి వాడూ గాల్లోనే ఉంటాడు, గాల్లో బ్రేకు పనిచేయదు కదా. అంటే పడడం ఒక ప్రమాదమైతే, పడినచోటే ఉండిపోవడం ఇంకో ప్రమాదం.

అందుకే ప్రతి దిబ్బ దగ్గరా జెండా మనిషి నిలబడాలి. పసుపు జెండా ఊపితే ఎవరూ ఎవరినీ దాటకూడదు, దిబ్బ మీద దూకకుండా మెల్లగా దిగాలి. డాక్టర్లు ట్రాక్ మీదికి వస్తే అమెరికా పోటీల్లో తెల్ల జెండా మీద ఎర్ర శిలువ గుర్తు చూపిస్తారు. ఎర్ర జెండా అంటే రేసు ఆగిపోవాలి. వినడానికి ట్రాఫిక్ పోలీసు పని లాగా ఉంటుంది. కానీ పడినవాడిని ముందు కాపాడేది డాక్టరు కాదు, ఆ జెండా మనిషే.

డాక్టరు త్వరగా రావాలనే మాట రోడ్డు రేసుల్లో ఒక చెడ్డ రోజున గట్టిగా వినబడింది. 1977 మే 1న ఆస్ట్రియాలో 350 సీసీ పోటీలో చాలామంది ఒకేసారి పడ్డారు, హాన్స్ స్టాడెల్‌మన్ అనే స్విట్జర్లాండ్ రైడర్ చనిపోయాడు. సహాయం అందిన తీరు చూసి కోపంతో పేరున్న రైడర్లు చాలామంది తర్వాతి 500 సీసీ పోటీలోకి దిగలేదు. ఇటలీ డాక్టరు క్లాడియో కోస్తా నడిపిన చక్రాల ఆసుపత్రి ఆ వారమే మొదటిసారి రేసుకు వచ్చింది.

తల తర్వాత మెడ వంతు. దక్షిణాఫ్రికా డాక్టరు క్రిస్ లియాట్ 2001లో తోటి రైడర్ ఒకరు చనిపోవడం చూసి మెడ పట్టీ తయారు చేశారు. ఇక్కడా డాక్టరే. తర్వాత గాలి సంచి ఉండే జాకెట్లు వచ్చాయి. 2021 డకార్ ర్యాలీలో బైకు రైడర్లందరికీ వాటిని తప్పనిసరి చేశారు. ఆ ర్యాలీలోనే మన బెంగళూరు సి.ఎస్. సంతోష్ సౌదీ ఎడారిలో పడిపోయారు. మోటోక్రాస్ నుంచి వచ్చినాయన, 2015లో డకార్ పూర్తి చేసిన మొదటి భారతీయుడు. హెలికాప్టర్‌లో రియాద్ ఆసుపత్రికి చేర్చారు, కొన్ని రోజులు కోమాలో ఉంచారు, బతికి ఇంటికి వచ్చారు. అన్న ఆ రోజుల్లో ఫోను పక్కన పెట్టుకునే పడుకునేవాడు.

మనకు హెలికాప్టర్ రాదు, 108 వస్తుంది. ఆ నంబరు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, తర్వాత తమిళనాడుకీ వచ్చింది. అది వచ్చేలోపల మనం చేయకూడని పని ఒకటుంది. అందరూ చేసేది అదే: పడినవాడి హెల్మెట్ లాగేసి, కూర్చోబెట్టి నీళ్లు తాగించడం. మెడ ఎముక దెబ్బతిని ఉంటే ఆ లాగడంతోనే చేతులూ కాళ్లూ శాశ్వతంగా పడిపోవచ్చు. ఊపిరి ఆడుతూ ఉంటే హెల్మెట్ తీయకూడదు, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని ఉండాలి. ఊపిరి ఆడకపోతే తీయాల్సిందే, అప్పుడు కూడా ఒకరు మెడ పట్టుకుంటే ఇంకొకరు మెల్లగా తీయాలి. పోలీసు కేసు అవుతుందని భయపడేవాళ్లు ఉన్నారు. సహాయం చేసినవాళ్లను కాపాడే నియమాలను సుప్రీంకోర్టు 2016లోనే ఆమోదించింది, 2019లో చట్టంలోనూ చేర్చారు.

అన్న పోయిన పోటీల్లో ఒకచోట (ఊరు పేరు రాయను) అంబులెన్స్ బదులు వెనక సీట్లు తీసేసిన వ్యాను నిలబెట్టినారంట. స్ట్రెచర్ లేదు. అన్న ఫీజు కట్టేసి కూడా తోలకుండా వెనక్కి వచ్చేశాడు. స్నేహితులు పిరికివాడని ఎగతాళి చేశారు. నా దృష్టిలో అన్న గెలిచిన కప్పుల కంటే అది పెద్దది, ఆయనకు చెప్తే నవ్వుతాడు గానీ.

ఊరి బయట ఎండిన చెరువులో ప్రాక్టీసు చేసే కుర్రాళ్లకు ఇప్పుడు అన్న ఒక షరతు పెట్టాడు. పెద్ద దిబ్బ మీద ఎవరో ఒకరు పసుపు గుడ్డ పట్టుకుని నిలబడితేనే బండి స్టార్ట్ చేయాలి, వాళ్ల ఫోనులో చార్జింగ్ ఉండాలి. ఎండలో నిలబడే పని ఎవరికీ ఇష్టం లేదు కాబట్టి వంతులు వేసుకున్నారు. బండి తోలే వయసు నాకింకా రాలేదు. అందుకని రెండో ఆదివారం వంతు నాకిచ్చారు.