చేనినుండి వచ్చిన మాట

‘బ్రాడ్‌కాస్ట్’ అను ఆంగ్ల క్రియ రేడియోగల ప్రతి యింటను పరిచితమే. పాడుట, ప్రసంగించుట, వార్తలు చదువుట అన్నియు ఆ యొక్క మాటలో ఇమిడియున్నవి. నిత్యము ఆ పనియే చేయు మేము దాని పుట్టుక విచారింపగా, అది యంత్రశాలనుండి గాక పంటచేనినుండి వచ్చినదని తేలినది.

‘బ్రాడ్’ అనగా వెడల్పు. ‘కాస్ట్’ అనగా విసరుట. విత్తనములను పిడికిట పట్టి చేనినిండ చల్లు పద్ధతిని 18వ శతాబ్దినాటి ఆంగ్లేయులు ఈ మాటతో వ్యవహరించిరి. అట్లు చల్లిన గింజ వృథాయగునని తలచి, జెత్రో టల్ అను వ్యవసాయవేత్త ఆ శతాబ్ది ఆరంభమున సాలువెంట విత్తు యంత్రమును కల్పించెను. మన రైతునకు ఈ భేదము క్రొత్త కాదు. చేత చల్లుట వేఱు, గొర్రు కట్టి సాలున విత్తుట వేఱు. మన ‘వెదజల్లు’ అను మాటలోని ‘వెద’కును విత్తుటయే అర్థము.

ఇక రేడియో మాట. తంతిలేని వార్తాసాధనము తొలుత ఓడలకును తీరమునకును నడుమ కబురు చేర్చుటకు వాడుకలోనికి వచ్చినది. ఒకరికి పంపిన కబురు పదుగురి చెవిని బడుట అప్పుడు లోపము. 1920 నవంబరు 2వ తేదీన పిట్స్‌బర్గులోని కె.డి.కె.ఎ. కేంద్రము అమెరికా అధ్యక్షుని ఎన్నిక ఫలితములను వినగలవారి కందరికిని వినిపించెను. లోపమే గుణమైనది. ఈ క్రొత్త పనికి చేనిలోని పాతమాట చక్కగా అమరినది. 1922లో ఏర్పడిన బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ పేరులో అది కుదురుకొన్నది. భూతకాలమున ‘బ్రాడ్‌కాస్టెడ్’ అనవచ్చునా యను వివాదమును పుట్టినది. ‘కాస్ట్’ భూతకాలమున మారదు గనుక, ‘బ్రాడ్‌కాస్ట్’ అను రూపమే ఎక్కువగా నిలిచినది.

మన దేశమున 1927 జూలై 23వ తేదీన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ బొంబాయి కేంద్రము వెలసినది. 1930లో ఆ కంపెనీ మూతపడగా, ప్రభుత్వము ప్రసారములను చేపట్టి ‘ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్’ అని పేరిడినది. 1935లో కంట్రోలరుగా వచ్చిన లయొనెల్ ఫీల్డెన్‌కు ఆ పొడుగు పేరు రుచింపలేదు. వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువును మాటలలో పెట్టి, ఆయన నోటనే ‘ఆల్ ఇండియా రేడియో’ అనిపించినట్లు ఫీల్డెన్ తన స్మృతులలో వ్రాసెను. 1936 జూన్‌లో ఆ పేరు అమలులోనికి వచ్చినది. చేనిమాట పేరులోనుండి తొలగినది గాని, పనిలోనుండి తొలగలేదు.

గొర్రుతో విత్తువాడు సాలును చూచుకొనును. చేత చల్లువానికి ఏ గింజ ఎచ్చట పడునో తెలియదు. మాకును శ్రోతలు కానరారు. తుపాను హెచ్చరికలో ఒక్క తేదీ తప్పు చదివినచో, సవరణ వెంటనే చదువవచ్చును. కాని మొదటిమాట విని రేడియో కట్టివేసి వల భుజమున వేసికొని వెడలిన జాలరిని ఎట్లు పిలువగలము? చల్లిన గింజను ఏరుకొనుట ఎవరి తరము? కావున చల్లుటకు ముందే గింజను చెరిగి చూచుకొనవలెను. ఆ క్రియ మాకు నేర్పిన పాఠ మిదియే.