చేబ్రోలు యూదులు

మన నల్లగొండ, పాలమూరు సీమల పల్లెలలో యాకోబు, దావీదు, రూతు, ఎస్తేరు అను పేర్లు గలవారు పెక్కురు కలరు. మీ పొరుగుననే యుందురు. మీ పిల్లలకు చదువు చెప్పుచు నుందురు. అవి క్రైస్తవుల పేర్లని మన మందుము. నేనును చిరకాల మట్లే యనుకొంటిని. క్రైస్తవమతము పుట్టుటకు ఎన్నో వందల యేండ్లకు పూర్వమే అవి యూదుల పేర్లు. 1890లో రష్యాదేశపు మెన్నొనైటు సంఘమునుండి వచ్చిన అబ్రహాము ఫ్రీసెను దంపతులు నల్లగొండలో మిషను నెలకొల్పిరి. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా మెన్నొనైటు బ్రదరన్ వారు దేవరకొండ, నాగరుకర్నూలు, వనపర్తి ప్రాంతములలో స్థిరపడిరి. వారు చేతబట్టుకొని వచ్చిన గ్రంథములో ముప్పాతిక భాగము యూదుల పురాతన గ్రంథమే. దాని వెంట ఆ పేర్లు మన పల్లెలకు వచ్చినవి.

పేరు పెట్టుకొనుటతో నాగక, "మా పూర్వులు ఇశ్రాయేలీయులే, మేము యూదులమే" యని చెప్పి ఆ ధర్మము ననుష్ఠించుచున్న తెలుగువారు కొందరు గుంటూరు సీమలో నున్నారు. నేడు వారిని గూర్చి మాటలాడదలచితిని. అయితే వారి కథకు ముందు నా తప్పొకటి చెప్పుకొనవలెను. అది చెప్పనిచో నే నచ్చట చూచినది మీకు బోధపడదు.

సుమారు ముప్పది యేండ్ల క్రిందట పాలమూరు జిల్లాలో నొక పాఠశాలయందు తెలుగు పండితుడనుగా నుంటిని. ఒకనాడు పాఠములో వివాహ ప్రసంగము రాగా, వధూవరులకు అరుంధతీ నక్షత్రమును చూపు ఆచారమును వివరించుచుంటిని. పురోహితుల వంశమున పుట్టినవాడను గనుక ఆ నక్షత్రమును నేనే యెందరికో చూపియుంటిని. వెనుకబల్ల మీది మాదిగవారి బాలుడొకడు లేచి, "సారూ, అరుంధతి మా ఆడిబిడ్డేనట గద! మా నాయనమ్మ జెప్పింది" అనెను. చిందు భాగవతులు చెప్పు జాంబపురాణమును ఆ ముసలమ్మ విని విని కంఠస్థము చేసినదట. నేను నవ్వి, "ఓరీ, దానికి శాసనమేమైన నున్నదా?" యంటిని. తరగతి యంతయు గొల్లుమనెను. బాలుడు కూర్చుండెను. ఆ యేడు ముగియువరకు వాడు మరల నోరు తెరచి నన్నొక్క ప్రశ్నయు నడుగలేదు. ఆనాడు నాకది తప్పని తోచలేదు. సరికదా, ప్రమాణము లేనిదే దేనిని నమ్మరాదని చక్కగా బోధించితినని సంతోషించితిని.

ఇక యూదుల సంగతి. వారి గ్రంథము ప్రకారము అబ్రాహామునకు మనుమడు యాకోబు. ఇతనికే ఇశ్రాయేలని మారుపేరు. ఇతని పన్నిద్దరు కొడుకుల వలన పండ్రెండు శాఖలు కలిగెను. బైబిలును తెనిగించినవారు ఈ శాఖలకు గోత్రములనియే పేరు పెట్టిరి; ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. యాకోబు కుమారుడైన యోసేపునకు మనష్షే, ఎఫ్రాయీము అని యిద్దరు కొడుకులు. ఈ ఎఫ్రాయీము పేర ప్రసిద్ధమైన ఉత్తర రాజ్యమును క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరు రాజులు జయించి, జనులను చెరగొని పోయిరి. అట్లు పోయిన పది గోత్రముల జాడ చరిత్రకు దొరకలేదు. దొరకని దానిని మా యింట వెదకుడని చెప్పువారు నేటికిని అనేక దేశములలో నున్నారు. దక్షిణ రాజ్యమువారి సంతతియే తరువాతి యూదులు. క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును కూల్చిన పిదప వారును మరింతగ దేశదేశములకు చెదరిరి.

మన దేశమునకు వారు క్రొత్తవారు కారు. కేరళమున క్రీ.శ. 1000 ప్రాంతమున భాస్కర రవి యను రాజు జోసెఫు రబ్బాను అను యూద ప్రముఖునికి 72 హక్కుల నొసగుచు తామ్రశాసనము వ్రాయించెను. కొచ్చి యూదులు దానిని ప్రాణపదముగ కాపాడుకొనిరి. కొంకణతీరపు బెనే ఇశ్రాయేలు వారికి ఇట్టి భాగ్యము లేదు. వారు పల్లెలలో నూనెగానుగలు తిప్పి బ్రదికిరి. హీబ్రూ భాష మరచిరి. కాని శనివారమునాడు మాత్రము గానుగ కట్టెడివారు కారు. అందుచే చుట్టుపట్లవారు వారికి శనివార తేలీలని పేరు పెట్టిరి. తేలి యనగా మన గాండ్లవాడు. ఎద్దును విప్పి ఊరక కూర్చున్న ఆ యొక్క దినమే వారికి శాసనమైనది. 1948లో ఇశ్రాయేలు రాజ్యమేర్పడిన పిదప వీరిలో పెక్కురు అచ్చటికి పోగా, అక్కడి మతాధికారులు వీరి పుట్టుకను శంకించి వివాహములకు అడ్డు చెప్పిరి. వీరు వీథులకెక్కి నిరసన తెలిపిరి. 1964లో గాని వీరిని సంపూర్ణముగ యూదులని ఆ ప్రభుత్వము ఒప్పుకొనలేదు.

హైదరాబాదునకును ఈ కథలో కొంత పాలున్నది. పారసీక దేశపు యూదుల యింట పుట్టి, తోరా యను ధర్మశాస్త్రమును చదివి, పిదప ఇస్లామున చేరి, వర్తకుడై సింధుదేశమునకు వచ్చి, తుదకు సర్వమును విడిచి దిగంబరుడైన సర్మదు అను కవి గోల్కొండ ప్రభువుల కాలమున హైదరాబాదున నుండెను. దబిస్తానె మజాహిబ్ అను గ్రంథమును రచించినవాడు 1647లో నతని నిచ్చటనే కలిసికొని, యూదమతమును గూర్చి అతని వలన వినినదానిని తన గ్రంథమున చేర్చెను. 1661 ప్రాంతమున ఢిల్లీలో ఔరంగజేబు ఏలుబడిలో సర్మదు శిరస్సును ఖండించిరి. అతడే మతమువాడో పండితు లిప్పటికిని వాదులాడుచునే యున్నారు.

చేబ్రోలునకు నేను పోయినది యూదులకొరకు కాదు. కోనేటి నడుమ వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మాలయమును చూడవలెనని యొక కోరిక. శాతవాహన విజయుని నాటి, క్రీ.శ. 207 సంవత్సరపు సంస్కృత శాసనమచ్చట దొరకినదని 2019లో పురావస్తుశాఖవారు ప్రకటించిరి. దక్షిణదేశపు సంస్కృత శాసనములలో నిదియే మొదటిదని వారి మాట. శాసనమనిన నాకు వెఱ్ఱి. మోకాళ్ళ నొప్పి లెక్కచేయక పోతిని. దర్శనము ముగిసిన పిదప, ఆటో నడుపు అబ్బాయి, దాపుననే కొత్తరెడ్డిపాలెములో యూదుల గుడి యున్నది, చూచెదరా యని యడిగెను. దైవవశమున నాడు శనివారము.

ఆ యూరి మాదిగవారిలో కొన్ని కుటుంబములవారు తమను బెనే ఎఫ్రాయీము, అనగా ఎఫ్రాయీము సంతతి, అని చెప్పుకొందురు. మచిలీపట్టణమునను కొందరున్నారు. వీరి పెద్దలు షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను సోదరులు. క్రైస్తవ బోధకులుగ నుండినవారు. షమూయేలు 1980 దశకములో యెరూషలేమునకు పోయి వచ్చి, తమవారు నిజముగ యూదులే యను విశ్వాసమును ప్రకటించెను. 1990 దశకపు తొలి యేండ్లలో ప్రార్థనా మందిరము వెలసెను. 2002లో ఆయన తమ సిద్ధాంతమును ఇంగ్లీషున గ్రంథముగ వెలువరించెను. చెరనుండి చెదరిన తమ పూర్వులు మధ్యాసియా, ఉత్తర హిందూదేశముల మీదుగ తెలుగునేలకు వచ్చిరనియు, ఇచ్చటివారు వారిని అంటరానివారుగ జేసిరనియు, గోమాంసము తినుట, శవమును పూడ్చిపెట్టుట మొదలగు తమ ఆచారములు ఆ పూర్వుల గురుతులనియు వీరి వాదము. ఏ ఆచారములను చూపి మనము వారిని దూరము పెట్టితిమో, ఆ యాచారములనే వారు తమ కులీనతకు సాక్ష్యముగ నిలిపిరి.

తెలుగునకును హీబ్రూనకును మాటల పోలిక గలదని కూడ వీరందురు. ఇది నా విద్యకు సంబంధించిన సంగతి గనుక మొగమాటము లేక చెప్పెదను: ఇది నిలువదు. అమ్మ, అబ్బ వంటి పసిపిల్లల మాటలు లోకమున చాల భాషలలో నొకే తీరున నుండును. నిజమైన పోలిక యొకటి వేరే కలదు. సొలొమోను రాజునకు ఓడలపై వచ్చిన నెమళ్ళను వారి గ్రంథము తుక్కీ యను మాటతో పేర్కొనును. అది నెమలిపింఛమును చెప్పు తమిళపు తోకై యనియే కాల్డ్వెలు మొదలు పలువురు పండితుల మతము. మన తోకయు దాని తోబుట్టువే. ఇది వర్తకమునకు సాక్ష్యమగును గాని వంశమునకు కాదు. ఎఫ్రాయీము సంతతివారు తెలుగుదేశమునకు వచ్చినట్లు చెప్పు శాసనము గాని, యాత్రికుల వ్రాత గాని కానరాదు. మాదిగవారి గాథలను పెక్కింటిని చేర్చి, ఒంగోలు మిషనుకు చెందిన ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ అను నామె 1899లో ప్రకటించిన గ్రంథమున మాతంగి కథలున్నవి గాని ఎఫ్రాయీము లేడు.

అయినను, లాభమునకై వేసిన వేషమని తేల్చివేయువారితో నేను ఏకీభవింపను. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులములవారికిచ్చు హక్కులను మొదట హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అవి లభించినవి. యూదుల పేరందులో లేదు. బహిరంగముగ యూదుడనని వ్రాయించుకొన్న బీదవానికి పోవునదే గాని వచ్చునది తక్కువ. మణిపుర, మిజోరాములలోని బెనే మెనాషే వారిని 2005లో ఇశ్రాయేలు ప్రధాన మతాధికారి ఆ పురాతన గోత్రపు సంతతిగ నంగీకరించెను. మన వారికట్టి యంగీకారము లభింపలేదు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజు అను పరిశోధకులు ఈ సంఘమును గూర్చి 2013లో గొప్ప గ్రంథమే ప్రకటించిరి.

మందిరము చిన్నది. మగవారు నెత్తిన చిన్న టోపీలు పెట్టుకొనిరి. స్త్రీలు కొంగు కప్పుకొనిరి. నేను తలకు కండువా చుట్టుకొని యొక మూల కూర్చుంటిని. హీబ్రూ ప్రార్థన నాకు తెలియదు. కాని స్వరము పట్టి చదువుట విని, వేదపాఠశాలలో నా బాల్యము జ్ఞప్తికి వచ్చెను. తరువాత వేపచెట్టు క్రింద నొక వృద్ధుడు నాకు మంచినీళ్ళిచ్చి మాటలాడెను. వారిలో పెక్కురు కూలిపని చేయువారు. శుక్రవారము ప్రొద్దు గ్రుంకినది మొదలు శనివారము రాత్రి మూడు చుక్కలు కనబడువరకు పని కూడదు. నాట్ల కాలములో శనివారము కూలికి రానివానిని ఆసామి ఆదివారము పిలువడు. "మొదట్లో చాలా కష్టమైందండి. ఇప్పుడు ఆ రోజు పోతే అలవాటు తప్పినట్టుంటుంది" అనెను. మీ పూర్వుల సంగతి మీకెవరు చెప్పిరని నేనడుగగా, "మా తాత అన్నది కొంత, మా పెద్దలు పుస్తకంలో చూపించింది కొంత" అని దాపరికము లేక చెప్పెను. పిమ్మట, "తమరిది ఏ గోత్రమండి?" అని యడిగెను.

భారద్వాజస గోత్రమని చెప్పి, అలవాటు చొప్పున ప్రవరయు చదివితిని. ఆయన శ్రద్ధగా విని, "తమరికి ఎన్ని తరాల పేర్లు తెలుసండి?" అనెను. వెక్కిరింపు కాదు; తెలిసికొనవలెననియే యడిగెను. లెక్కించి చూచుకొంటిని. ఏడుగురు. ఆ యేడవవానికిని భరద్వాజ మహర్షికిని నడుమ నేమున్నది? శాసనమా, తామ్రపత్రమా? మా నాయన చెప్పెను, ఆయనకు వారి నాయన చెప్పెను. అరువదేండ్లుగ నిత్యమును సంధ్యావందనమున నేనా పేర్లు చెప్పుకొనుచు, చెప్పినప్పుడెల్ల వెన్ను నిటారుగ నిలుపుకొంటిని. నన్నెవ్వరును నవ్వలేదు.

చీకటి పడువరకు నేనచ్చటనే యుంటిని. పిల్లలు బయటికి వచ్చి చుక్కలను వెదకుచుండిరి. ఉత్తరమున సప్తర్షులు పొడిచిరి. వసిష్ఠుని ప్రక్క అరుంధతి నా ముసలికన్నులకు కనబడలేదు. ఒక పిల్లవాడు వ్రేలితో చూపెను.

ఇంటికి వచ్చిన పిదప నా పూర్వ శిష్యుని జాడ తీసితిని. అతడిప్పుడు జడ్చర్ల దాపున నొక పాఠశాలలో లెక్కల మాస్టరు. నన్ను చూచి ఆదరముతో కుర్చీ వేసెను. ఆనాటి సంగతి యెత్తగానే, "మరచిపోలే సారూ" అని మాత్రమనెను. మీ నాయనమ్మ చెప్పిన జాంబపురాణమును నాకు చెప్పుము, వ్రాసికొందునంటిని. ఆమె పోయి యిరువదేండ్లాయెననియు, అటుతరువాత తమ యింట ఆ మాట యెత్తినవారు లేరనియు చెప్పెను. అయినను కన్నులు మూసికొని జ్ఞాపకమున్నంతవరకు చెప్పెను, నేను వ్రాసితిని. అరుంధతి తండ్రి యింట నున్న ఘట్టము, వసిష్ఠుడు పిల్లనడుగ వచ్చిన ఘట్టము కొంత, అంతే. మొత్తము నాలుగు పుటలు. తక్కిన కథ వానికి తెలియదు.