ఏ రోజు ఎటు పోవాలె? ఇందూరు రద్దీ లెక్కల పుట్టుపూర్వోత్తరాలు

పోచంపాడు దగ్గరి శ్రీరామసాగర్ గేట్లు ఎత్తారని టీవీ తెర కింద పట్టీ కనబడగానే నిజామాబాద్‌లో చాలా ఇళ్లలో పుట్టే మాట ఒకటే: "ఆదివారం పోచంపాడు పోదామా?" దాని వెనకే పెద్దవాళ్ల నుంచి జవాబు వస్తుంది. "ఆదివారం వద్దు బిడ్డా. కట్ట మీద కాలు పెట్ట జాగుండదు. బుధవారం చూద్దాం."

ఆ బుధవారం మీద చర్చ మొదలవుతుంది. ఆదివారం పోచంపాడు కాకపోతే అలీసాగర్ పోవాలా? అక్కడా ఆదివారమే జనం. అశోక్‌సాగర్ దగ్గరే కదా, సాయంత్రం పోవచ్చు. బాసర శుక్రవారం వద్దు. నిజాంసాగర్ దూరం, కాబట్టి తెల్లారేసరికి బండెక్కాలి. వినోదానికి నాలుగు పార్కులున్న మహానగరం వాళ్లకే ఈ తలనొప్పి అనుకుంటాం గానీ, ఇందూరు (నిజామాబాద్ పాత పేరు) చుట్టూ గంట, గంటన్నర ప్రయాణంలో చూడదగ్గ చోట్లు అరడజనుకు తక్కువ లేవు. సెలవు మాత్రం అందరికీ ఒకటే రోజు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ లెక్క ఫోన్లు వచ్చాక పుట్టింది కాదు. ఈ నేల మీద దానికి చాలా పాత వేళ్లున్నాయి. మొదటిది అంగడి. ఒక్కో ఊరికి ఒక్కో వారం. అదే వ్యాపారి సోమవారం ఒక ఊళ్లో గుడారం వేసి, మంగళవారం ఇంకో ఊళ్లో విప్పుతాడు. పది ఊళ్ల జనం ఒకేచోట ఒకే పూట మీద పడకుండా, అదే సమయంలో ఏ ఊరి అంగడీ వెలవెలబోకుండా వారాలు పంచిన పద్ధతి అది. రెండోది నీళ్లు. చెరువు కింద ఏ మడికి ఏ పూట తూము విప్పాలో చెప్పే నీరటి, రద్దీని వంతులుగా మార్చిన తొలి ఉద్యోగి అనవచ్చు. తరవాత శ్రీరామసాగర్ కాలువల మీద వారబందీ పేరుతో ఇంజనీర్లు పెట్టింది కూడా కాగితం మీది నీరటి పనే.

దేవుళ్ల వారాల సంగతి తెలిసిందే. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం దర్గాలు, శుక్రవారం అమ్మవారు. ఆర్మూరు సిద్ధులగుట్టకైనా, వర్ని వైపు బడాపహాడ్ దర్గాకైనా ఈ వారాల లెక్క చూసుకునే బయల్దేరతారు. విశేషమేమిటంటే ఈ పద్ధతి ఊరి మొత్తం జనాన్ని ఏడు రోజులకు పంచింది, ఒక్కో గుడి దగ్గర మాత్రం ఒకే రోజుకు కుప్ప పోసింది. అందుకే భక్తుల్లోనూ రెండు రకాల వాళ్లున్నారు: వారం చూసి పోయేవాళ్లు, వారం చూసి మానేవాళ్లు.

ఇక విహారానికి వస్తే, ఈ జిల్లాలో దాని కథ నీళ్లతోనే మొదలవుతుంది. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో ముగిసింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ ప్రాజెక్టు కాలువ మీదే ఠాణాకలాన్ దగ్గర అలీసాగర్ జలాశయం, పక్కన గుట్ట మీద అతిథిగృహం, కింద తోట వచ్చాయి. కట్టినప్పుడు అది దొరల, అధికారుల విడిది. సామాన్యుడు టిఫిన్ డబ్బాతో లోపలికి పోయి చెట్టు కింద చాప పరుచుకునే రోజులు ఆ తరవాతవి.

ఇంకో మార్పు ఇప్పటివాళ్లకు అంతగా గుర్తుండదు. నిజాం రాజ్యంలో వారాంతపు సెలవు శుక్రవారం. కచేరీలు, బడులు జుమ్మా నాడు మూసేవారు. 1948 పోలీసు చర్య తరవాత సెలవు ఆదివారానికి మారింది. ఒక్క సర్కారు నిర్ణయంతో ఈ ప్రాంతం మొత్తం విహారం చేసే రోజు మారిపోయింది. చమత్కారం చూడండి, గల్ఫ్ పోయిన మనవాళ్లకు ఎన్నో ఏళ్లు మళ్లీ శుక్రవారమే సెలవైంది. దుబాయ్‌లో ఉన్న కొడుకు శుక్రవారం తీరుబడిగా వీడియోకాల్ చేస్తే, ఇక్కడ తండ్రి ధాన్యం కాటా దగ్గర నిలబడి ఉండేవాడు. 2022 నుంచి ఎమిరేట్స్ సెలవు శని, ఆదివారాలకు మార్చింది కాబట్టి ఆ తేడా కూడా కొంత తగ్గింది.

బోధన్ వైపు వస్తే రద్దీ లెక్క నేర్పిన అసలు బడి నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 1937లో పెట్టిన ఈ కర్మాగారానికి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్న పేరుండేది. దాని చుట్టూ పుట్టిన కాలనీయే శక్కర్‌నగర్. చెరుకు ఒక మొండి పంట. నరికాక ఆగదు. ఒక రోజు ఎండలో పడి ఉంటే బరువు తగ్గుతుంది, రైతుకు నష్టం. ఇంకా ఆలస్యమైతే గడలో చక్కెర విరిగిపోతుంది, ఫ్యాక్టరీకి నష్టం. గానుగ మాత్రం రోజుకు ఇంతే ఆడగలదు. వేల ఎకరాల రైతులు ఒకేసారి నరికి తెస్తే ఎవరికీ బాగుండదు. అందుకని నాటిన తేదీని ఫీల్డ్‌మన్ పుస్తకంలో రాసుకునేవాడు. నరికిన మోళ్ల నుంచి మళ్లీ మొలిచిన కార్శి తోట ముందు పక్వానికొస్తుంది, కొత్తగా నాటిన మొక్కతోట తరవాత. ఆ వరసలో కటింగ్ ఆర్డరు వచ్చేది. చీటీ మీద తేదీ ఉంటుంది. ఆ తేదీకే నరకాలి, ఆ తేదీకే తోలాలి.

సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు బయట ఎడ్లబండ్ల వరస ఉండేది. బండి కింద కందిలి ఊగుతుంది. ఎడ్లను విప్పి మేత వేసి, మూడు రాళ్ల మీద అన్నం వండుకుని, గోనెసంచి కప్పుకుని పడుకుంటారు. అర్ధరాత్రి ముందు బండి కదిలితే అందరూ లేవాల్సిందే. ఎవడైనా మధ్యలో దూరితే వాడికి కర్రతోనే సమాధానం. చీటీ ఉన్నా ఈ వరస ఎందుకంటే, తేదీ రాసి ఇచ్చిన ఫ్యాక్టరీ గంట రాసి ఇవ్వలేదు. అందరూ తెల్లారకముందే కాటాకెక్కాలని రాత్రే వచ్చి నిలబడేవారు. రోజు పంచితే సరిపోదు, పూట కూడా పంచాలన్న సంగతి ఆ గేటు ముందు చలిలో పడుకున్న రైతుకు ఏ పుస్తకం చదవకుండానే తెలుసు.

2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు పోయి ఆ పొలాల్లో వరి పెరిగింది. వరస మాత్రం పోలేదు, ధాన్యం కొనుగోలు కేంద్రం ముందుకు మారింది. చీటీ స్థానంలో టోకెన్ వచ్చింది.

ఈ వరసల మీద గణితం రాసింది మాత్రం ఎక్కడో డెన్మార్క్‌లో. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్, ఫోన్ కాల్స్ ఎప్పుడెప్పుడు మీద పడతాయో లెక్కగట్టి 1909లో ప్రచురించాడు. ఇప్పుడు ఆసుపత్రి కౌంటరైనా, టోల్‌గేటైనా ఆ శాస్త్రం నీడలోనే నడుస్తాయి. వినోదానికి ఆ అవసరం 1955 జూలై 17న పడింది. అమెరికాలో అనాహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచిన రోజు దొంగ టికెట్లతో సహా, పిలిచినవాళ్లకు మించి జనం లోపలికొచ్చేశారు. ఆ తరవాత ఫ్లోరిడాలో డిస్నీ ఒకటికి నాలుగు పార్కులు కట్టింది: 1971, 1982, 1989, 1998లో. నాలుగోది తెరిచాక వచ్చినవాళ్లకు నిజంగానే మన ఇందూరు ప్రశ్న ఎదురైంది, ఏ రోజు ఏది? 1999లో ఫాస్ట్‌పాస్ పేరుతో గంట రాసిచ్చే చీటీ పెట్టారు. మన ఫ్యాక్టరీ వదిలేసిన పని అదే.

అక్కడి అనుభవజ్ఞులు కనిపెట్టిన ఒక చిట్కా నాకు చాలా నచ్చింది. డిస్నీ తన హోటళ్లలో దిగినవాళ్ల కోసం ఒక్కో రోజు ఒక్కో పార్కును గంట ముందే తెరిచేది. ముందే తెరుస్తారు కదా, ఖాళీగా ఉంటుందని అందరూ ఆ పార్కుకే పోయేవారు. మధ్యాహ్నానికి అదే అన్నిటికన్నా కిక్కిరిసేది. కాబట్టి తెలివైనవాడు ఏ రోజు ఏ పార్కుకు ఆ రాయితీ ఉందో చూసి, ఆ రోజు దాన్ని వదిలేసేవాడు. జనాన్ని పోగుచేసేది స్థలం కాదు, ఆ రోజున్న ప్రత్యేకత. మన పోచంపాడు గేట్లకు, బాసర మూలా నక్షత్రానికి ఈ సూత్రం అచ్చంగా సరిపోతుంది.

అయితే అందరూ ఈ చిట్కా నేర్చుకుంటే? 1994లో బ్రయన్ ఆర్థర్ అనే ఆర్థికవేత్త, ఒక బార్‌లో పాట వినడానికి వంద మంది విడివిడిగా నిర్ణయించుకునే సమస్యను రాశాడు. అరవై మంది కన్నా ఎక్కువ వస్తే ఎవరికీ హాయి ఉండదు. జనం రారని అందరూ అనుకుంటే అందరూ వస్తారు, వస్తారని అనుకుంటే ఎవరూ రారు. ఎంత తెలివైనవాడికైనా ఇందులో శాశ్వతంగా చెల్లే కిటుకు లేదు. గూగుల్ మ్యాప్స్‌లో రద్దీ గీతలు చూసి బుధవారం అలీసాగర్ పోయి, అక్కడ స్కూలు బస్సులు బారులు తీరి ఉండటం చూసినవాళ్లకు ఈ సమస్య విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో గోదావరి 2015లో చూపించింది. బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడు గోదావరికి పుష్కరాలు, పన్నెండు రోజులు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక అవే మొదటివి. జూలై 14 నుంచి 25 వరకు. మన వైపు కందకుర్తిలో గోదావరి, మంజీర, హరిద్ర కలిసే సంగమం ఉంది, పోచంపాడు ఉంది, పక్కనే బాసర ఉంది. పన్నెండు రోజులు, ఎన్నో ఘాట్లు. పంచుకుంటే కావలసినంత చోటు. కానీ మొదటి రోజు పొద్దున్నే, ముహూర్తం వేళకే మునగాలన్న ఆత్రం ఒకేచోట పోగైతే ఏమవుతుందో రాజమండ్రిలో కళ్లారా చూశాం. తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు పోయాయి. మన వైపు అంత ఘోరం జరగలేదు గానీ, మొదటి శని, ఆదివారాల్లో రంజాన్ సెలవు కూడా కలిసి రావడంతో గోదావరి వైపు పోయే రోడ్లు స్తంభించాయి. నదికి చేరడానికే పూటలు పట్టింది. పన్నెండు రోజుల్లో ఏ రోజు మునిగినా పుణ్యం ఒకటేనని పండితులు చెబుతూనే ఉన్నారు. జనం పంచాంగం మాట కన్నా ఆఫీసు క్యాలెండర్ మాటే విన్నారు. శాస్త్రం పన్నెండు రోజులిస్తే, ఉద్యోగం రెండు రోజులిచ్చింది మరి.

ఆ తరవాత పెద్ద దేవాలయాలు మేల్కొన్నాయి. తిరుమలలో వైకుంఠ ద్వార దర్శనం రెండు రోజులే ఉండేది. 2020 డిసెంబరు నుంచి పది రోజులకు పెంచారు. ఆచారం మార్చారని నొచ్చుకున్నవాళ్లున్నారు. నా మటుకు నాకు అది నీరటి బుద్ధి, మంచిదే.

బాసర సరస్వతి గుడికి ఆ సదుపాయం ఇంకా పూర్తిగా రాలేదు. వసంత పంచమి నాడు, శరన్నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు అక్షరాభ్యాసానికి నిజామాబాద్ నుంచే కాదు, నాందేడ్, ధర్మాబాద్ వైపు నుంచి కూడా రైళ్లలో వస్తారు. ముందురోజు రాత్రే చేరి సత్రాల్లో, ఆరుబయట పడుకుంటారు. వరసలో నాలుగైదు గంటలు నిలబడ్డ పసివాడు పలక ముందు కూర్చునే సరికి నిద్రలో జోగుతుంటాడు. తండ్రి వాడి వేలు పట్టుకుని బియ్యంలో ఓంకారం దిద్దించేసరికి వాడు ఏడుపు లంకించుకుంటాడు. అదే పిల్లవాణ్ణి మామూలు మంగళవారం తీసుకుపోతే నవ్వుతూ దిద్దుతాడు. సరస్వతికి మంగళవారం మీద కోపమేమీ లేదు.

ఈ విషయంలో దేవాదాయ శాఖ కన్నా అంకాపూర్ నయం. ఆర్మూరు పక్కనే ఉన్న ఆ ఊళ్లో నాటుకోడి కూర కోసం ఆదివారం జాతీయ రహదారి నుంచి కార్లు తిరుగుతాయి. తెలిసినవాళ్లు పొద్దున్నే ఫోన్ చేసి కిలోలు చెప్పి, ఇన్ని గంటలకు వస్తామంటారు. పోయేసరికి కూర, అన్నం కట్టి సిద్ధంగా ఉంటుంది. తెలియనివాళ్లు గంటన్నర కూర్చుంటారు. ఎవరూ చట్టం చేయలేదు, యాప్ కట్టలేదు. గంట రాసిచ్చే పని వండేవాళ్లే చేసుకున్నారు.

గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తున్నాయి. ఈసారి ఘాట్ల సిమెంటు పనికి ముందు అధికారులు చేయాల్సింది, ఏ మండలం వాళ్లు ఏ రోజు ఏ ఘాటుకు పోతే సుఖమో చెప్పే పట్టిక ఊరూరా, గ్రామాభివృద్ధి కమిటీల దగ్గర అతికించడం. ఆ పట్టిక మీద పూట కూడా రాయండి, తేదీ ఒక్కటే చాలదు. మీ వరకు మీరు మొదటి రోజును, మధ్యలో వచ్చే శని, ఆదివారాలను వదిలేయండి. ముసలివాళ్లను, పసివాళ్లను వెంటబెట్టుకుని పోయేవాళ్లు వారం మధ్యలో కందకుర్తి పోతే, మునిగి మధ్యాహ్నం భోజనానికి బోధన్ చేరుకోవచ్చు.