రంగంలో ఏ వీధి మంచిది?

మన కుటుంబాల గ్రూపులో ఏడాదికి రెండు మూడు సార్లు ఒకే ప్రశ్న వస్తుంది. ఎవరో ఒకరి పిల్లలకి పైదేశంలో చదువో ఉద్యోగమో దొరుకుతుంది. ఇల్లు వెతుకుతారు. అద్దె తక్కువ, మనవాళ్ళు నలుగురున్న ఏరియా ఒకటి కనపడుతుంది. వెంటనే ఎవరో అంటారు, "ఆ ఏరియా మంచిది కాదంట." అంతే, గ్రూపు నిశ్శబ్దం. ఆ "అంట" వెనక ఎవరున్నారో, వాళ్ళు ఎప్పుడు చూసి చెప్పేరో ఎవరూ అడగరు. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పదేళ్ళ కిందటి బగ్గు రిపోర్టుని మళ్ళీ పరీక్ష చేయకుండా అలాగే చదివి వినిపిస్తే మా ఆఫీసులో ఒప్పుకోరు. ఏరియాల పేర్ల విషయంలో మాత్రం అందరం అదే చేస్తాం.

గంజాం తెలుగువాళ్ళకి ఈ ప్రశ్న కొత్తది కాదు. నూరేళ్ళ కిందట మన మార్కండి తీరం నుంచీ, గోపాల్‌పూర్, బరంపురం, ఇచ్ఛాపురం, బారువ చుట్టుపక్కల నుంచీ స్టీమరెక్కిన మగవాళ్ళు వేల మంది. వాళ్ళు దిగిన ఊరు రంగూన్. మన ఇళ్ళల్లో దాన్ని అలా అనరు, "రంగం" అంటారు. కన్నడ మీడియంలో చదువుకున్న మాకు చిన్నప్పుడు "పెదతాత రంగం వెళ్ళేడు" అని వింటే, ఆయన నాటకాల్లో చేరేడేమో అనిపించేది. కన్నడంలో రంగ అంటే ముందు గుర్తొచ్చేది స్టేజే కదా. అది ఒక ఊరి పేరని తెలిసేసరికి మాకు పదేళ్ళు దాటేయి.

ఒకటి ముందే చెప్పాలి. వాళ్ళు వెళ్ళింది అప్పటి లెక్కలో పైదేశం కాదు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం, పాస్‌పోర్టు అక్కర్లేదు. గంజాం 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మా ఇండియా నుంచి విడిపోయింది. 1935లో బయల్దేరి 1938లో తిరిగొచ్చినవాడు మద్రాసువాడిగా వెళ్ళి, పైదేశం నుంచి ఒడిశాకి వచ్చినట్టు! వెళ్ళిన సముద్రం అదే, వచ్చిన ఇల్లూ అదే.

ఎందుకు వెళ్ళేరంటే, ఇక్కడ గడవక. 1866 కరువు గంజాంని పీల్చేసింది, 1889లో మళ్ళీ కరువొచ్చింది. అవతల దక్షిణ బర్మా 1852 నుంచి ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది, ఐరావతి డెల్టాలో వరిసాగు పెరిగింది, రంగూన్‌లో బియ్యం మిల్లులు లేచేయి. కోత అయ్యాక మిల్లులకీ రేవులకీ ఒక్కసారిగా మనుషులు కావాలి. గోపాల్‌పూర్‌లో ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా లంగరేస్తుంది. కొబ్బరితాటితో కుట్టిన పడవల్లో మన తీరం జాలర్లే అలలు దాటించి మనుషుల్ని ఓడ దగ్గరికి చేర్చేవారు. అక్కడ్నుంచి డెక్కు మీద కొన్ని రోజుల ప్రయాణం. టికెట్టు డబ్బు చాలామందికి మేస్త్రీ అడ్వాన్సుగా ఇచ్చేవాడు. ఈ మేస్త్రీ మాట గుర్తుంచుకోండి, కథంతా అతని చుట్టూనే తిరుగుతుంది.

1931 జనాభా లెక్కల్లో బర్మాలో తెలుగువాళ్ళు సుమారు లక్షా అరవై వేలు. రంగూన్ ఊళ్ళో నాలుగు లక్షల జనం ఉంటే సగానికి పైగా ఇండియావాళ్ళే. తెలుగువాళ్ళని అక్కడ "కోరంగీలు" అనేవారు, కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి పేరు మీద. మన గంజాంవాడు కోరంగి ఎప్పుడూ చూసి ఉండడు, అయినా కోరంగీయే. రేవులో మూటలు మోసేది, బియ్యం మిల్లుల్లో పని చేసేది, రిక్షా లాగేది, ఊళ్ళో మరుగుదొడ్లు శుభ్రం చేసేది చాలావరకు వీళ్ళే. ఆ పేరు జాతి పేరుగా మొదలై తిట్టుగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. బర్మావాళ్ళు ఇండియావాళ్ళని మొత్తంగా "కలా" అనేవారు, అదీ మర్యాద మాట కాదు.

వీళ్ళు ఉన్న చోటు కూలీల బసలు. రేవుకి దగ్గరగా, నంబర్లు వేసిన సన్నటి వీధుల్లో, ముందు వెడల్పు తక్కువ, లోపలికి పొడుగ్గా ఉండే మేడలు. కింద కొట్టు, పైన వరసగా చాపలు. మునిసిపాలిటీ లైసెన్సులో మనిషికి ఇన్ని చదరపు అడుగులని రాసి ఉండేది, పడుకునేది మాత్రం దానికి ఎన్నో రెట్లు. రాత్రి పనికి పోయినవాడి చాప మీద పగలు పనివాడు, పగలు పనికి పోయినవాడి చాప మీద రాత్రివాడు. వేసవిలో ఫుట్‌పాత్ మీద నిద్ర. 1931లో రిపోర్టిచ్చిన రాయల్ కమిషన్ వీటి గురించి రాసింది. 1933లో ఆండ్రూ అనే అధికారి రంగూన్ ఇండియా కూలీల మీద ఒక పుస్తకమే వేసేడు. అందరూ రాసిందొకటే: ఇరుకు, మురికి, జబ్బులు. ఊళ్ళో పెద్దమనుషులైతే సారా, జూదం, కొట్లాటలు కూడా కలిపి చెప్పేవారు. మంచి ఏరియా కాదంట.

మరి మనవాళ్ళు అక్కడే ఎందుకు దిగేరు? తెలీక కాదు. ముందు వెళ్ళి వచ్చినవాళ్ళు ఊళ్ళో ఉన్నారు, అన్నీ చెప్పేరు. మాకు అర్థమైనంతలో వాళ్ళు వీధికి మంచీ చెడూ చూడలేదు, వేరే ప్రశ్నలు వేసుకున్నారు. తెల్లారకముందే రేవు గేటు దగ్గర పేరు పిలుస్తారు, అక్కడికి నడిచి చేరగలమా? జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే అన్నం ఎవడు అప్పు పెడతాడు? మనిషి పోతే ఇంటికి కబురు ఎవరు పంపుతారు? ఉత్తరం ఎవరు రాసిపెడతారు? వీటన్నిటికీ జవాబు ఒకే మేడలో ఉండేది. ఊరవతల గాలీ వెలుతురూ ఉన్న చోట ఒక్కదానికీ లేదు.

అయితే "ఎంచుకున్నారు" అనే మాట సగమే నిజం. బస నడిపేది చాలాచోట్ల మేస్త్రీయే, లేకపోతే మేస్త్రీకి కావలసినవాడు. అడ్వాన్సు అతనిది, పని ఇప్పించేదీ అతనే, కూలిలోంచి కోసుకునేదీ అతనే. బస మారితే పని పోతుంది, అప్పు మాత్రం మిగుల్తుంది. అన్నం పెట్టే చెయ్యే మెడ మీద ఉండేది. మన ఇళ్ళల్లో రంగం కథలు చెప్పేటప్పుడు మేస్త్రీని మహానుభావుడిగానో దొంగగానో చెబుతారు. రెండూ ఒకే మనిషి అయి ఉండడానికి అడ్డేమీ లేదు.

ఇప్పుడు 1930కి వద్దాం. మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేసేరు. ఓడల్లో సరుకు ఎక్కించి దింపే కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళని తెచ్చి పెట్టేయి. కొన్నాళ్ళకి కంపెనీలు సమ్మె చేసినవాళ్ళతో రాజీపడి, మే 26న పాతవాళ్ళని పనికి రమ్మన్నాయి. బర్మా కూలీలు కూడా ఆ పొద్దున్న ఎప్పటిలాగే పనికి వచ్చేరు. ఇంక మీరు అక్కర్లేదన్నారు. రేవు మీదే మాటా మాటా పెరిగింది, ఎగతాళి, తర్వాత కొట్లాట. మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. కత్తులతో, ఇనప కడ్డీలతో తెలుగువాళ్ళని వెతికి కొట్టేరు. రోజుల తరబడి సాగింది. చనిపోయినవాళ్ళు వందకి పైనే, దెబ్బలు తిన్నవాళ్ళు వందల్లో. ఆ రోజుల్లో రంగూన్ జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ తర్వాత తన పుస్తకంలో ఇది రాసేడు.

ఆ వారంలో కూలీల బస రెండు పనులు చేసింది. తలుపులు మూసి, అడ్డాలు పెట్టి, వందల మంది లోపల దాక్కున్నారు. ఒంటరిగా రిక్షా లాగుతూ వీధిలో దొరికినవాడికి ఆ తలుపు కూడా లేదు. అదే సమయంలో, కోరంగీలు ఎక్కడ దొరుకుతారో ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు, ఎవరినీ అడగక్కర్లేదు. నలుగురూ ఒకే చోట ఉండడం కాపాడిందా, పట్టించిందా? మా లెక్కలో రెండూ. ఒక మేడలో బతికినవాళ్ళు ఉన్నారు, పక్క మేడలో తలుపు విరిగింది.

అప్పటిదాకా ఆ వీధుల గురించి చెప్పిన హెచ్చరికలన్నీ గుర్తు తెచ్చుకోండి. మురికి, కలరా, సారా, జూదం. 1930లో మనుషుల్ని చంపింది అందులో ఒక్కటీ కాదు. ఒక కంపెనీ ఒకే పనికి ఇద్దర్ని పిలిచింది. డెల్టాలో భూమి చేజారుతున్న బర్మా రైతుబిడ్డ పని కోసం పట్నం వచ్చేసరికి, తక్కువ కూలికి రేవంతా నిండిపోయి తెలుగువాడు కనపడ్డాడు. మనవాళ్ళ వైపు నుంచి ఈ కథ చెప్పడం సులువు. కానీ ఆ పొద్దున్న పని పోయి ఖాళీ చేతులతో నిలబడ్డవాడి కథ వదిలేస్తే మే 26 అర్థం కాదు. ఏరియా పేరు చెడ్డదంటే అక్కడ ఉండేవాళ్ళ గురించి మిగతావాళ్ళు ఏమనుకుంటున్నారో తెలుస్తుంది. ప్రమాదం ఎటునుంచి వస్తుందో అందులో తెలీదు.

ఇలాంటిదే మన కాలంలో ఆస్ట్రేలియాలో జరిగింది. మెల్‌బోర్న్ పడమటి వైపు సన్‌షైన్, సెయింట్ ఆల్బన్స్ లాంటి శివార్లకి చాలాకాలం మంచి పేరు లేదు. అద్దె తక్కువని ఇండియా విద్యార్థులు అక్కడ చేరేరు. 2009లో వాళ్ళ మీద దాడులు జరిగేయి. దెబ్బలు తిన్నవాళ్ళలో తెలుగు కుర్రాళ్ళూ ఉన్నారు. మే 31న వేల మంది ఆ ఊరి నడిబొడ్డున ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. ఆ రోజుల్లో పోలీసులు చెప్పిన సలహా ఏమిటంటే, రైల్లో మీ భాషలో గట్టిగా మాట్లాడొద్దు, లాప్‌టాప్ పైకి కనపడనివ్వొద్దు. చదివితే మాకు మళ్ళీ రంగమే గుర్తొచ్చింది. చాలా దాడులు ఇళ్ళ దగ్గర కాదు, రాత్రి ఆలస్యంగా డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు, రైళ్ళలో, స్టేషన్ల దగ్గర. ఇంటి అద్దె ఎంత అని అందరూ అడిగేరు, చివరి రైలు ఎన్నింటికి, స్టేషన్ నుంచి ఇంటికి ఎంత నడక అని ఎంతమంది అడిగేరో! ఇప్పుడు అదే పడమటి వైపు టార్నీట్‌లో మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కుని సంక్రాంతి చేసుకుంటున్నారు. ఆ వైపు మంచిది కాదన్నవాళ్ళు ఆ మాట ఎప్పుడు వెనక్కి తీసుకున్నారో మాకైతే వినపడలేదు.

అంత దూరం ఎందుకు? పూరీ తీరాన పెంటకోట ఉంది, తెలుగు జాలర్ల పేట. మన వైపు సంబంధాలు అక్కడిదాకా ఉన్నాయి. పూరీలో హోటళ్ళవాళ్ళని అడిగితే అటు వెళ్ళొద్దంటారు. పొద్దున్నే వాళ్ళ వంటింటికి వచ్చే చేప అక్కడ్నుంచే వస్తుంది.

రంగం కథ తర్వాత తొందరగానే ముగిసింది. 1938లో మళ్ళీ అల్లర్లు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేసేయి. రేవు, దాని పక్క ఇరుకు వీధులు బాగా దెబ్బతిన్నాయి. ఈసారి దాక్కోడానికి మేడ పనికిరాలేదు. నాలుగైదు లక్షల మంది ఇండియావాళ్ళు బర్మా వదిలి బయల్దేరేరు. ఓడ టికెట్టు దొరకనివాళ్ళు కొండలూ అడవులూ దాటి నడిచేరు. దారిలో వేలమంది పోయేరు. మిగిలి ఉండిపోయినవాళ్ళలో చాలామందిని 1962 తర్వాత వచ్చిన సైనిక ప్రభుత్వం, 1964లో దుకాణాలు జాతీయం చేశాక, ఉత్త చేతులతో పంపేసింది. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా పుట్టిన పేటే. తిరిగొచ్చినవాళ్ళకి తమ దేశంలోనే మళ్ళీ ఒక క్యాంపు చిరునామా.

మార్కండి వైపు ఇళ్ళల్లో రంగం వస్తువులు ఇంకా ఉన్నాయని మాకు తెలుసు. టేకు పెట్టెలు, లక్క గిన్నెలు. అవి ఎలాగూ అటక మీద భద్రంగానే ఉంటాయి. మాకు కావలసింది కాగితాలు. పాత మనీఆర్డరు రసీదు, ఉత్తరం కవరు, స్టీమరు టికెట్టు ముక్క, ఏది దొరికినా రెండు వైపులా ఫోటో తీసి పంపండి. రాసింది చదవడం రాకపోయినా ఫరవాలేదు, కొన్ని ఇంగ్లీషులో, కొన్ని బర్మీస్‌లో ఉంటాయి. ముఖ్యంగా పంపినవాళ్ళ చిరునామా ఉన్న వైపు చెరిగిపోకుండా తీయండి. అందులో వీధి నంబరు ఉంటుంది. 1930 మే నెలలో మనవాళ్ళు ఏ వీధిలో, ఏ తలుపు వెనక ఉన్నారో దాన్నిబట్టే మ్యాపు మీద గుర్తు పెట్టాలి.